కారుకి 14 వేలు, ఛార్జర్‌కి 900: ఆర్‌సీ రేసింగ్‌లో మనం డబ్బులు మిగుల్చుకునే చోటే తప్పు

పోయిన మే నెలలో ఒక ఆదివారం రాత్రి, లెక్క ప్రకారం సోమవారం తెల్లవారుజామున రెండున్నరకి, నెల్లూరులో మా ఇంటి మిద్దె మీది గదిలో ఒక లైపో బ్యాటరీ అంటుకుంది. ఆ గదిలో నేనూ, మా అవ్వా నిద్రపోతున్నాం. కూలర్ అక్కడే ఉంది కాబట్టి ఎండాకాలం మొత్తం అవ్వ ఆ గదిలోనే పడుకుంటుంది.

ముందు ఒక చప్పుడు వచ్చింది. కుక్కర్ విజిల్ వేయబోయే ముందు బుస్సుమంటుంది చూడండి, అట్లాంటిది. తర్వాత వాసన, తియ్యగా, నెయిల్ పాలిష్ లాగా. నేను లేచి లైట్ వేసేలోపు గదిలో సగం ఎత్తు దాకా తెల్లటి పొగ. స్టూల్ మీద పెట్టిన బ్యాటరీ నుంచి మోకాలెత్తు మంట లేచింది. అవ్వని లేపి మిద్దె మీదికి పంపించి, పొడుగు కర్ర ఉన్న బూజు కర్రతో ఆ స్టూల్‌ని తలుపు బయటికి తోశాను. తర్వాత బకెట్లకి బకెట్లు నీళ్ళు. ఒకసారి ఆరినట్టే ఆరి, రెండో సెల్ మళ్ళీ అంటుకుంది. కర్టెన్, వైఫై రూటర్, స్టూల్ పోయాయి. ఇద్దరం రెండు రోజులు దగ్గాం, అంతకు మించి ఏమీ కాలేదు.

పొద్దున అవ్వ ఆ నల్లబడ్డ స్టూల్‌ని చూసి ఒకటే అడిగింది: "బొమ్మ కారుకి ఇంత మంట ఏందిరా అబ్బయ్యా?"

నేను బీటెక్ చేసినవాణ్ణి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఈ సైట్‌లో పవర్ బ్యాంకులకి రివ్యూలు రాసినవాణ్ణి. ఆ ప్రశ్నకి అప్పటికప్పుడు సమాధానం చెప్పలేకపోయాను. ఇప్పుడు రాస్తున్నది ఆ సమాధానమే. ఆర్‌సీ కార్ల ఖర్చు గురించి రాయమని చాలామంది ఎప్పటి నుంచో అడుగుతున్నారు, అది కూడా ఇందులోనే ఉంది. ఎందుకంటే నా అనుభవంలో ఖర్చూ, మంటా రెండు వేరే వేరే విషయాలు కావు.

మా ట్రాక్ సంగతి

కొత్తవాళ్ళ కోసం ముందు కొంచెం చెప్తాను. మేం ఏడెనిమిది మందిమి. నెల్లూరు నుంచి మైపాడు పోయే దారిలో ఒక ఫ్రెండ్ మేనమామకి రొయ్యల గుంటలు ఉన్నాయి. అందులో ఒకటి పంట వేయకుండా ఎండబెట్టి వదిలేశారు. ఎండిన గుంట అడుగు ఎట్లా ఉంటుందో చూసినవాళ్ళకి తెలుసు. సిమెంట్ ఫ్లోర్ కంటే గట్టి. నీళ్ళు చల్లి, రోలర్ లాగి, పగుళ్ళలో మళ్ళీ మట్టి కూరితే అద్భుతమైన ట్రాక్. గట్టు మీద నిలబడితే డ్రైవర్ స్టాండ్. మూలల్లో పాత ఏరేటర్ ఫ్లోట్లు పెట్టి మలుపులు గుర్తు పెట్టుకుంటాం. హైదరాబాద్, బెంగళూరు వాళ్ళు కార్పెట్ ట్రాక్‌ల ఫోటోలు పెడుతుంటే మేం మా గుంట ఫోటో పెడతాం.

మైపాడు బీచ్‌లో తడి ఇసుక మీద కూడా తోలొచ్చు, వీడియో బ్రహ్మాండంగా వస్తుంది. కానీ నేను వద్దంటాను. ఉప్పు ఇసుక ఒక్క సాయంత్రం తగిలితే బేరింగులు వారంలో గరగరమంటాయి, స్క్రూలు తుప్పు పట్టి తల అరిగిపోతాయి. నా మొదటి సెట్ బేరింగులు అట్లాగే పోయాయి. సముద్రం పక్కన ఈ హాబీ చేసేవాళ్ళకి ఇది అదనపు పన్ను అనుకోండి.

తప్పులు వరసగా

ఆ రాత్రి మంటకి ఏర్పాట్లు రెండు వారాల ముందు నుంచే జరుగుతున్నాయి. నేను దాన్ని చూసుకోలేదు, అంతే.

నాది చైనా తయారీ 1/10 స్కేల్ ట్రక్. బ్రష్డ్ మోటార్. డబ్బాలో 7.2 వోల్టుల నికెల్ మెటల్ హైడ్రైడ్ ప్యాక్ వచ్చింది, 1800 ఎంఏహెచ్. పది నిమిషాల్లో అయిపోతుంది, స్పీడ్ కూడా అంతంతే. అందరూ చేసే పనే నేనూ చేశాను: ఆన్‌లైన్‌లో పేరు తెలియని ఒక 2ఎస్ లైపో కొన్నాను. 7.4 వోల్టులు, 5200 ఎంఏహెచ్, మెత్తటి కవర్‌ది. హార్డ్ కేస్ ఉన్నదానికి ఇంకో 1,300 ఎక్కువని దాన్ని పక్కన పెట్టాను.

మొదటి తప్పు అక్కడే. ట్రక్ ఈఎస్‌సీ మీద రెండు చిన్న జంపర్లు ఉంటాయి. చాలా బ్రష్డ్ ఈఎస్‌సీల మీద ఇది మామూలే. ఒక జంపర్ బ్యాటరీ రకం చెప్తుంది. నాది నికెల్ స్థానంలోనే ఉండిపోయింది. నికెల్ ప్యాక్‌ని బాగా ఖాళీ చేసినా పెద్ద ప్రమాదం లేదు కాబట్టి ఆ మోడ్‌లో ఈఎస్‌సీ లైపోకి కావాల్సిన చోట ఆపదు. లైపోలో ఒక్కో సెల్ 3 వోల్టుల కిందికి దిగకూడదు, అసలు 3.3 దగ్గరే ఆపేస్తే మంచిది. మేమేమో కారు నడుస్తున్నంత సేపూ "ఇంకో ల్యాప్, ఇంకో ల్యాప్" అని తోలాం.

రెండోది, ఒక జంప్‌లో కారు గట్టుకి తగిలి బ్యాటరీ పట్టీ ఊడింది, ప్యాక్ మూల చాసిస్ పోస్ట్‌కి గుద్దుకుని సొట్ట పడింది. నేను దానికి టేపు వేశాను. ఈ వాక్యం రాస్తుంటే ఇప్పుడు నాకే సిగ్గుగా ఉంది. తర్వాతి వారం ప్యాక్ కొంచెం ఉబ్బింది. "అన్ని ప్యాకులూ ఉబ్బుతాయిలే" అన్నాడు ఒక ఫ్రెండ్. నేను నమ్మాను, ఎందుకంటే నమ్మితే 2,300 రూపాయలు మిగులుతాయి.

మూడోది ఛార్జర్. 900 రూపాయలది. బ్యాలెన్స్ వైర్ గుచ్చితే ఎర్ర లైట్, నిండితే పచ్చ లైట్. అంతకు మించి అది చెప్పేదేమీ లేదు. అది ఇచ్చేది 0.8 యాంప్. 5200 ఎంఏహెచ్ ప్యాక్‌ని 800తో భాగించండి, ఆరున్నర గంటలు. ట్రాక్ నుంచి వచ్చి రాత్రి తొమ్మిదికి పెడితే మూడున్నరకి నిండుతుంది. అంటే ఆ ఛార్జర్ కొన్నరోజే నేను రాత్రి నిద్రలో ఛార్జ్ పెట్టాలని నిర్ణయమైపోయింది. ఛార్జింగ్‌లో ఉన్న లైపోని వదిలి వెళ్ళకూడదని ప్రతి ప్యాక్ మీదా రాసి ఉంటుంది. ఆరున్నర గంటలు ఎవడు కూర్చుంటాడు?

ల్యాబ్ రిపోర్ట్ ఏదీ లేదు, ఇది నా అంచనా. సెల్ మరీ లోతుగా ఖాళీ అయితే లోపల ఆనోడ్ వైపు ఉండే రాగి రేకు కరగడం మొదలవుతుంది. మళ్ళీ ఛార్జ్ పెట్టినప్పుడు ఆ రాగి ఎక్కడ పడితే అక్కడ పేరుకుని, పలచటి సెపరేటర్‌ని దాటి లోపలే షార్ట్ చేస్తుంది. దానికి తోడు సొట్ట. కాస్త మంచి ఛార్జర్ అయితే సెల్ వోల్టేజ్ చూసి "ఇది పెట్టను" అని ఎర్రర్ ఇచ్చేది, ఒక్కో సెల్ ఇంటర్నల్ రెసిస్టెన్స్ కూడా చూపించేది. నా 900 రూపాయల డబ్బా ఎర్ర లైట్ వేసుకుని బుద్ధిగా పని చేసుకుపోయింది.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. లైపో ఎర్రర్ ఇస్తే నికెల్ మోడ్‌లో పెట్టి కాసేపు "లేపండి" అని యూట్యూబ్ నిండా వీడియోలు ఉన్నాయి. దయచేసి ఆ పని చేయకండి. ఛార్జర్ వద్దంటోందంటే కారణం ఉంది.

ఫోన్‌లో లేనిది, మన ప్యాక్‌లో ఉన్నది

ఈ సైట్ చదివేవాళ్ళందరికీ గెలాక్సీ నోట్ 7 కథ తెలుసు. 2016 సెప్టెంబర్‌లో రీకాల్, మార్చి ఇచ్చిన ఫోన్లు కూడా కాలడంతో అక్టోబర్‌లో ఫోన్ మొత్తం ఆపేశారు. ఆ బ్యాటరీ 3500 ఎంఏహెచ్, అంటే సుమారు 13.5 వాట్ అవర్లు. నా ప్యాక్? 7.4 ఇంటూ 5.2, అంటే 38.5 వాట్ అవర్లు. దాదాపు మూడు నోట్ 7లు కట్టగట్టి స్టూల్ మీద పెట్టుకున్నట్టు.

పైగా ఫోన్ బ్యాటరీలో రక్షణ సర్క్యూట్ ఉంటుంది. ఎక్కువ ఛార్జ్ అయినా, ఎక్కువ ఖాళీ అయినా, షార్ట్ అయినా అది తెంపేస్తుంది. మన హాబీ ప్యాక్‌లో అదేమీ ఉండదు. సెల్స్, రెండు లావు వైర్లు, ఒక బ్యాలెన్స్ వైర్, అంతే. ఇది మోసం కాదు, కావాలనే అట్లా చేస్తారు. 5200 ఎంఏహెచ్, 50సి అని రాసి ఉంటే లెక్క ప్రకారం 260 యాంప్ ఇవ్వాలి. (ఆ 50సి నిజమా అంటే, చవక ప్యాకుల మీద సి రేటింగ్‌ని నేను పెళ్ళి పత్రికలో పెళ్ళికొడుకు జీతం లాగే చూస్తాను.) అంత కరెంట్ వదిలే ప్యాక్‌లో సర్క్యూట్ పెడితే బరువు, వేడి, ధర అన్నీ పెరుగుతాయి. కాబట్టి ఆ రక్షణ సర్క్యూట్ పనిని ఈఎస్‌సీ, ఛార్జర్, మనం ముగ్గురం కలిసి చేయాలి. నా విషయంలో ఈఎస్‌సీ జంపర్ తప్పు, ఛార్జర్ గుడ్డిది, నేను నిద్రలో ఉన్నాను.

మన రెండు రాష్ట్రాల్లో ఇది కొత్త కథ కూడా కాదు. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో పడకగదిలో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఇంటాయన చనిపోయాడు. అదే నెలలో నిజామాబాద్‌లో ఇంట్లో ఛార్జ్ అవుతున్న బ్యాటరీ ఒక పెద్దాయన ప్రాణం తీసింది. సెప్టెంబర్‌లో సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం, పైన లాడ్జి. కింద మొదలైన మంట, పొగ పైకి ఎక్కి ఎనిమిది మంది చనిపోయారు. ఆ తర్వాత కేంద్రం బండ్ల బ్యాటరీల ప్రమాణం ఏఐఎస్-156ని గట్టిగా మార్చి, 2022 డిసెంబర్ నుంచి దశలవారీగా అమలు చేసింది. బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్, ఒక సెల్ మంట పక్క సెల్‌కి పాకకుండా జాగ్రత్తలు, ఇట్లాంటివన్నీ వచ్చాయి.

స్కూటర్ ప్యాక్ మనదాని కంటే ఎన్నో రెట్లు పెద్దది, ఒప్పుకుంటాను. కానీ పడకగది అదే, రాత్రి అదే, నిద్ర అదే. పొగ విషయంలో సైజు అంత ధైర్యం ఇవ్వదు కూడా. లైపో ఎలక్ట్రోలైట్‌లో ఫ్లోరిన్ ఉన్న లవణం ఉంటుంది, కాలితే హైడ్రోజన్ ఫ్లోరైడ్ వస్తుంది. మూసిన గదిలో అది పీల్చకూడదు. మేం దగ్గింది దానికే అనుకుంటా.

ఇక ఖర్చు

మంట తర్వాత నేను చేసిన మొదటి పని ఎక్సెల్ షీట్ తెరవడం. ఏడాదిలో ఎంత పెట్టానో అందులో ఉంది. ట్రక్ 14,200. రెండు లైపోలు 4,600. టైర్లు 4,300. రెండు మోటార్లు, ఒక సర్వో కలిపి 5,200. గేర్లు, సస్పెన్షన్ ఆర్మ్‌లు, బేరింగులు, స్క్రూలు 6,800. ఛార్జర్ 900. మొత్తం 36,000.

ఒక్కసారి ఆ ఆఖరి లైన్ చూడండి. మొత్తం ఖర్చులో రెండున్నర శాతం. ఇల్లు తగలబెట్టగలిగిన ఒకే ఒక్క వస్తువుని కాపలా కాసే పరికరానికి నేను పెట్టింది టైర్ల మీద పెట్టినదాంట్లో నాలుగో వంతు కూడా కాదు.

ఎందుకట్లా? ఎందుకంటే ఛార్జర్ ఎవరికీ కనపడదు. టైర్ మారిస్తే ల్యాప్ టైమ్ తగ్గుతుంది, మోటార్ మారిస్తే వీడియో బాగుంటుంది. ఛార్జర్ మారిస్తే ఏమవుతుంది? ఏమీ కాదు. ఏమీ కాకపోవడానికే ఆ డబ్బు.

రెండో కారణం, ఈ హాబీ ఇక్కడ అసలే ఖరీదు. బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. 2021 జనవరి నుంచి బొమ్మలకి ఐఎస్‌ఐ మార్క్ తప్పనిసరి అయింది. 2020 నవంబర్‌లో అలీఎక్స్‌ప్రెస్‌ని బ్లాక్ చేయడంతో స్పేర్లు తెప్పించుకునే సులువైన దారి మూసుకుపోయింది. దేశంలో బొమ్మల తయారీ పెరగాలంటే ఇవి అవసరమే కావచ్చు, నేను కాదనను. కానీ పోటీకి పనికొచ్చే ఆర్‌సీ కారు ఇక్కడ తయారు చేసేవాళ్ళు ఎంతమంది? బ్యాటరీ విషయంలో ఇంకో చిక్కు. విడి లిథియం అయాన్ ప్యాకుల్ని ప్రయాణికుల విమానాల్లో సరుకుగా పంపకూడదని 2016 నుంచి అంతర్జాతీయంగా నిషేధం ఉంది. మంచి నిబంధనే. దాంతో నాణ్యమైన ప్యాక్ ఊళ్ళోకి చేరేసరికి ధర ఎక్కుతుంది, మనం పేరు లేని ప్యాక్ వైపు, సెకండ్ హ్యాండ్ ప్యాక్ వైపు జారుతాం. కారు సెకండ్ హ్యాండ్ కొనండి, రేడియో కొనండి. లైపో మాత్రం వద్దు. దాని గతం మీకు తెలియదు.

మంట తర్వాత నేను కొన్నవి: స్క్రీన్ ఉన్న ఒక బ్యాలెన్స్ ఛార్జర్ 5,200, రెండు హార్డ్ కేస్ ప్యాకులు 7,200, ఇనప పెట్టె 1,400, మంట తట్టుకునే లైపో సంచి 500, చిన్న వోల్టేజ్ చెకర్ 250. మొత్తం 14,550. ట్రక్ కంటే 350 ఎక్కువ! ఇదే ఈ హాబీ అసలు ధర. కొత్తవాళ్ళకి మనం చెప్పాల్సింది ఈ లెక్క. కారు ధర ఎంతో, కరెంట్ వైపు ఖర్చు కూడా దాదాపు అంతే. బడ్జెట్ 15 వేలే ఉంటే 15 వేల కారు కొనకండి, ఎనిమిది వేల కారు కొనండి.

మన ఎండ, మన వాన

విదేశీ వీడియోల్లో చెప్పనివి మన తీరంలో కొన్ని ఉన్నాయి. మేలో నెల్లూరు ఎండ 40 దాటడం వింతేమీ కాదు. అద్దాలు మూసి గట్టు పక్కన నిలబెట్టిన కారు డిక్కీలో వేడి ఇంకా ఎక్కువ. సాధారణంగా లైపోని 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జ్ పెట్టకూడదు. రేస్ అయిన ప్యాక్ చేతికి వేడిగా తగులుతుంటే ఆరనివ్వాల్సిందే. మేం థర్మోకోల్ పెట్టె తీసుకెళ్తాం, కూల్ డ్రింకులకి ఒకటి, ప్యాకులకి ఒకటి. ప్యాకుల పెట్టెలో ఐస్ వేయం, ఊరికే నీడ కోసం.

వానాకాలం ఇంకో ఉచ్చు. మనకి గట్టి వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. గుంట నిండిపోతుంది, రెండు మూడు నెలలు రేసులు ఉండవు. ఆఖరి ఆదివారం "వచ్చే వారం ఉంటుందేమో" అని ప్యాక్ ఫుల్‌గా పెట్టుకుంటాం, వాయుగుండం వస్తుంది, ప్యాక్ 4.2 వోల్టుల దగ్గర అట్లాగే జనవరి దాకా పడి ఉంటుంది. ఉబ్బడానికి ఇంతకంటే మంచి పద్ధతి లేదు. స్టోరేజ్ మోడ్ ఉన్న ఛార్జర్ సెల్‌కి 3.8 వోల్టులకి తెచ్చి ఆపుతుంది. ఆ ఒక్క బటన్ కోసమైనా మంచి ఛార్జర్ కొనొచ్చు.

ఉప్పు గాలికి కనెక్టర్లు కూడా నల్లబడతాయి. నల్లబడితే రెసిస్టెన్స్, రెసిస్టెన్స్ ఉంటే వేడి. మాలో ఎవరైనా చెన్నై పోతే రిచీ స్ట్రీట్‌లో కనెక్టర్లు గుత్తగా తెస్తాం.

ఇసుక గురించి ఒక హెచ్చరిక. మంట వస్తే వేయడానికి బకెట్ ఇసుక పెట్టుకోండి, కానీ బీచ్ ఇసుక వద్దు. దాంట్లో ఉప్పూ తేమా ఉంటాయి. ఎండిన పెన్న ఇసుక తెచ్చుకోండి. ఇనప పెట్టె కొనలేకపోతే పెద్ద మట్టి కుండీ, పైన వదులుగా మట్టి మూత సరిపోతుంది. పెట్టె ఏదైనా గాలి చొరబడకుండా బిగించకండి. గ్యాస్ బయటికి పోయే దారి లేకపోతే ఆ పెట్టే బాంబు అవుతుంది. నా ఇనప పెట్టెకి మూత చుట్టూ ఉన్న రబ్బర్ పీకేశాను.

పోయిన ప్యాక్‌ని పాత సామాన్ల బండికి వేయొద్దు, ఆ బండాయన దాన్ని ఇనుముతో పాటు గుద్ది పడేస్తాడు. సొట్ట లేనిదైతే ఆరుబయట కారు హెడ్‌లైట్ బల్బ్ తగిలించి పూర్తిగా ఖాళీ చేసి, వైర్లకి విడివిడిగా టేపు వేసి, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్ళకి ఇవ్వండి.

గుంట దగ్గర గొడవ

ఇదంతా మా గ్రూప్‌లో చెప్తే అందరూ తల ఊపారనుకోకండి. మాలో ఇంటర్ చదివే ఒక కుర్రాడు ఉన్నాడు. చాలా బాగా తోలతాడు, నాకంటే ఎప్పుడూ ముందే ఉంటాడు. వాడన్నాడు: "అన్నా, ఛార్జర్ ఐదు వేలంటే నేను రేసింగే మానుకోవాల. నీకు జీతం వస్తుంది కాబట్టి చెప్తుండావు."

వాడు చెప్పింది నిజం. ఊరికే "సేఫ్టీ ముఖ్యం" అంటే అది జీతగాడి మాటే. రెండు వారాలు దీని మీదే వాదించుకున్నాం. చివరికి లెక్క నా 900 దగ్గరే తేలింది. ఆరుగురం తలా 900 వేస్తే 5,400. మంచి ఛార్జర్ 5,200. అంటే ఎవడికి వాడు కొనుక్కునే గుడ్డి ఛార్జర్ డబ్బుతోనే ఉమ్మడిగా ఒక మంచి ఛార్జర్ వస్తుంది. మిగిలిన 200కి ఇటుకలు. ఏరేటర్ల మోటార్ షెడ్‌లో కరెంట్ ఉంది కాబట్టి షెడ్ బయట, వేపచెట్టు కింద, బైకులకి దూరంగా ఇటుకలు పేర్చి ఛార్జింగ్ చోటు చేశాం. 5 యాంప్‌తో పెడితే గంట, గంటంపావులో నిండుతుంది. ఆ గంట ఎవరో ఒకరు పక్కనే కూర్చుంటారు, ఎట్లాగూ కారు రిపేర్ చేసుకుంటూ ఉంటారు కదా. రేస్ అయ్యాక ప్యాకుల్ని స్టోరేజ్ వోల్టేజ్‌కి తెచ్చి ఇంటికి పంపుతాం. ఛార్జింగ్ అనే పని ఇంట్లోకే రాదు. నన్నడిగితే మొత్తం వ్యవహారంలో పనికొచ్చిన ఆలోచన ఇదొక్కటే, అది ఆ కుర్రాడి గొడవ వల్లే వచ్చింది.

రేస్ నిబంధనలు కొన్ని బయటి నుంచి తెచ్చుకున్నాం. యూరప్ సమాఖ్య ఎఫ్రా రేసుల్లో లైపోని సంచిలో పెట్టే ఛార్జ్ చేయాలి. 2ఎస్‌కి 8.4 వోల్టుల దగ్గర గీత గీయడం అమెరికా రోర్ లాంటి సంఘాల్లో మామూలే. మేమూ స్టార్ట్‌కి ముందు చెకర్ గుచ్చి చూస్తాం. ఉబ్బిన ప్యాక్, సొట్ట ప్యాక్ ఎవరిదైనా ఆ రోజుకి బయటే. మొదటి నెల బయట పడ్డవి మూడు. అందులో ఒకటి "అన్ని ప్యాకులూ ఉబ్బుతాయిలే" అన్న ఫ్రెండ్‌ది.

దీంతో పాటు నికెల్ క్లాస్ ఒకటి మొదలుపెట్టాం. అందరికీ 7.2 వోల్టుల నికెల్ ప్యాక్, డబ్బాలో వచ్చిన బ్రష్డ్ మోటారే. టమియా కార్లతో స్టాక్ 540 మోటార్ రేసులు ప్రపంచమంతా ఏళ్ళుగా నడుస్తున్నాయి, అదే పద్ధతి. స్పీడ్ తక్కువ, నిజమే. కానీ అందరి స్పీడ్ ఒకటే కాబట్టి ఆఖరి ల్యాప్ దాకా నాలుగు కార్లు ఒకదాని తోక ఒకటి పట్టుకుని ఉంటాయి. ఆ కుర్రాడు అందులో వరసగా ఐదు గెలిచాడు. నికెల్ ప్యాక్ కూడా తప్పుగా వాడితే వేడెక్కుతుంది, కానీ లైపోలా ఎగసి మండదు. మొదటి కారు కొనేవాళ్ళకి నా సలహా ఇదే: డబ్బాలో వచ్చిన నికెల్ ప్యాక్‌తో మూడు నెలలు తోలండి.

రివ్యూలు రాసే మా సంగతి

మేం కూడా తప్పులోనే ఉన్నాం. ఈ సైట్‌లోనూ, తెలుగు యూట్యూబ్‌లోనూ ఆర్‌సీ కారు రివ్యూ అంటే టైటిల్‌లో టాప్ స్పీడ్ ఉండాల్సిందే. "60 కిలోమీటర్ల స్పీడ్!" ఫోన్ రివ్యూలో ఛార్జింగ్ ఎన్ని నిమిషాలు, ఎన్ని డిగ్రీలు వేడెక్కిందని పట్టిక వేసేవాళ్ళం, కారు దగ్గరికి వచ్చేసరికి ఛార్జర్ గురించి ఒక్క లైన్ రాయం. నేను రాసిన రెండు కార్ల రివ్యూలు వెనక్కి వెళ్ళి చదివాను. రెండింట్లోనూ "ఛార్జర్ కూడా డబ్బాలోనే ఇచ్చారు, సూపర్" అని ఉంది. ఆ రెండూ సరిదిద్దాను.

ఇక నుంచి నేను రాసే కారు రివ్యూలో ఈఎస్‌సీ ఏ బ్యాటరీ మోడ్‌లో వస్తోంది, డబ్బాలో ఛార్జర్ ఎన్ని యాంప్‌లు, దానితో ప్యాక్ నిండటానికి ఎన్ని గంటలు, సెల్ వోల్టేజ్ చూపిస్తుందా, ఏడాది స్పేర్ల ఖర్చు ఎంత అన్నవి టాప్ స్పీడ్ కంటే ముందు ఉంటాయి. నాలుగు గంటలు దాటే ఛార్జర్‌ని "రాత్రి ఛార్జర్" అనే రాస్తాను. కంపెనీ వాళ్ళకి నచ్చకపోవచ్చు.

మా గ్రూప్‌లో ఈ ఆదివారం ఇంకో పంచాయితీ ఉంది. ఇద్దరు 3ఎస్ క్లాస్ కావాలంటున్నారు, 11.1 వోల్టులు, 2ఎస్ కోసం చేసిన ట్రక్కుల్లోనే. గేర్లు ఎన్ని వారాలు ఉంటాయో చూడాలి. నా ఓటు వద్దనే. కానీ ఏడుగురిలో నలుగురు సరే అంటే జరుగుతుంది, అప్పుడు ఇటుకలు ఇంకో వరస పేర్చాలి. అవ్వ మాత్రం ప్రతి ఆదివారం రాత్రి నేను ఇంట్లోకి రాగానే బ్యాగ్ తెరిపించి చూస్తోంది. "బ్యాటరీలు చల్లంగుండాయా?" అని చేత్తో తాకి చూశాకే అన్నం పెడుతుంది.